తొమ్మిది వేల తెలుగు పుస్తకాల సైటుకు ఏ సెర్చ్: ఓపెన్ సోర్సా, డబ్బు కట్టేదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. కోఠిలో పుస్తకాల దుకాణం, దానికో వెబ్‌సైటు, అందులో దాదాపు 9 వేల పుస్తకాలు. పోటీ పరీక్షల పుస్తకాలు, నవలలు, భక్తి, వంటలు, పంచాంగాలు, అన్నీ ఉన్నాయి. తెలుగులో టైపు చేసి వెతికితే చాలాసార్లు ‘ఫలితాలు లేవు’ అని వస్తోంది. సైటు కట్టిన ఏజెన్సీ వారు నెలనెలా డాలర్లలో చెల్లించే సేవ తీసుకోమంటున్నారు. మీ మేనల్లుడేమో ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజను ఉచితమే కదా, నేను పెడతానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నన్నడిగితే ఇప్పటికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మెయిలీసెర్చ్ గానీ టైప్‌సెన్స్ గానీ మీ పరిమాణానికి చక్కగా సరిపోతాయి. రెండూ ఓపెన్ సోర్స్ ఇంజన్లే, అంటే వాటి కోడ్ అందరికీ బాహాటంగా దొరుకుతుంది. వాటిని తయారుచేసినవారే క్లౌడ్‌లో అద్దెకు నడిపిపెడతారు. అక్కడ మొదలుపెట్టండి. అయితే అంతకంటే ముందు మీ పుస్తకాల పట్టికను శుభ్రం చేయించాలి. ఆ పని కాకుండా ఎంత ఖరీదైన ఇంజను తెచ్చినా మళ్లీ ‘ఫలితాలు లేవు’ అనే చెబుతుంది. ఏజెన్సీ వారూ మీ మేనల్లుడూ ఇద్దరూ ఈ సంగతి ఎత్తినట్టు లేదు కాబట్టి దీనితోనే మొదలుపెడతాను.

తెలుగు పుస్తకాల పట్టికలు ఎక్కడి నుంచి వస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రచురణకర్తలు పంపే జాబితాల్లో చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. వాటిలో తెరమీద కనిపించేది తెలుగే అయినా, లోపల దాగి ఉన్నది ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. ఫాంటు తీసేస్తే ఏమీ అర్థం కాదు. సెర్చ్ ఇంజను చూసేది ఆ లోపలి సంకేతాలనే. కాబట్టి అలాంటి జాబితాలన్నీ యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతిలోకి మార్చాలి. మార్చే సాధనాలు దొరుకుతాయి గానీ, ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ తారుమారవుతాయి. మార్చిన తర్వాత తెలుగు బాగా వచ్చిన మనిషి ఒకరు కూర్చుని కనీసం పుస్తకం పేరు, రచయిత పేరు అనే రెండు గళ్లయినా చదవాలి. ఈ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ కనిపించదు. అందుకే దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా ఇంకో చిక్కు ఉంటుంది. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు ద్ తర్వాత ల ఒత్తుగా అతుక్కోకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో 200సి. మీ పట్టికలో అది ఉండి, కొనుగోలుదారు ఫోను కీబోర్డు అది పెట్టకపోతే, అచ్చంగా సంకేతాలను పోల్చే సెర్చ్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. అలాగే ‘హై’లో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. చూడటానికి ఒకటే. కంప్యూటర్‌కు కాదు. పరిష్కారం తేలికే. ఇండెక్స్‌లోకి, అంటే ఇంజను వెతకడానికి కట్టుకునే సూచికలోకి, పంపే ప్రతిలో ఆ కనపడని గుర్తును తీసేసి, యూనికోడ్ నార్మలైజేషన్ చేయించాలి, అంటే రెండు రకాలుగా రాసినదాన్ని ఒకే రూపానికి తేవాలి. కొనుగోలుదారు టైపు చేసిన మాటకూ అదే చేయాలి. డెవలపర్‌కు పూట పని. కానీ చెప్పకపోతే ఎవరూ చేయరు.

ఇక వర్ణక్రమం. పెళ్లి, పెళ్ళి. జ్యోతిషం, జ్యోతిష్యం. హైదరాబాదు, హైదరాబాద్, హైద్రాబాద్. వీటిలో ఏది ఒప్పు అనే చర్చ సెర్చ్ పెట్టేవాడికి అనవసరం. కొనడానికి వచ్చినవాడు ఎలా రాసినా పుస్తకం కనిపించాలి. దీనికి పర్యాయపదాల పట్టిక తయారుచేసుకోవాలి. మీ దుకాణానికైతే ఈ పట్టికలో మొదటి వరుస ఏమిటో నేనిప్పుడే చెప్పగలను: టీఎస్‌పీఎస్సీ, టీజీపీఎస్సీ. 2024లో రాష్ట్రం సంక్షిప్త నామం మారింది, పాత ముద్రణల మీద పాత పేరే ఉంది, అడిగేవారు రెండు రకాలుగానూ అడుగుతున్నారు. తర్వాత గ్రూప్-2, గ్రూపు 2, గ్రూప్ టూ. మీ కౌంటరులో ఉండే కుర్రవాడిని అడిగితే ఇలాంటివి వంద చెబుతాడు. ఆ పట్టిక ఏ ఇంజనుకైనా పనికొస్తుంది కాబట్టి అది మీ దగ్గర, ఒక ఎక్సెల్ ఫైలులో ఉండాలి. ఏదో ఒక సేవ తాలూకు తెరలో మాత్రమే ఉండకూడదు.

ఇంగ్లిషు లిపిలో తెలుగు టైపు చేసేవారి సంగతి కూడా ఉంది. హైదరాబాదులో ఫోను పట్టుకున్న కొనుగోలుదారుల్లో వీరిని తక్కువ అంచనా వేయవద్దు. ‘సంగీతం’లో త కోసం మనవాళ్లు టీ, హెచ్ రెండు అక్షరాలు రాస్తారు. యంత్రంతో లిప్యంతరీకరణ చేయిస్తే ఒక్క టీ తోనే సరిపెడుతుంది. అందుచేత ప్రతి పుస్తకం పేరుకూ ఇంగ్లిషు లిపిలో ఒక గడి ఉంచి, మనవాళ్లు రాసే పద్ధతిలో నింపించండి. రచయితల పేర్లకైతే ఇంటిపేరు పూర్తిగా రాసిన రూపం, పొడి అక్షరాల రూపం, కలం పేరు మూడూ ఒకే వరుసలో ఉండాలి.

ఇప్పుడు ఇంజను దగ్గరికి వద్దాం. మీ మేనల్లుడు చెప్పిన ఎలాస్టిక్‌సెర్చ్ గొప్ప సాధనమే. 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ దానికి పునాది. సోలర్, ఓపెన్‌సెర్చ్ కూడా దాని మీదే నిలబడ్డాయి. లూసీన్ 9లో తెలుగు కోసం ప్రత్యేకంగా మాట మూలాన్ని పట్టుకునే భాగం చేరింది. పుస్తకం, పుస్తకాలు ఒకే మాటకు రూపాలని యంత్రం గ్రహించడానికి అది ఉపయోగం. పత్రిక పాత సంచికలన్నీ వెతికించాలన్నా, లక్షల పేజీల వ్యాసాలున్నా నేనూ ఆ దారినే సూచిస్తాను. కానీ మీ లెక్క చూడండి. తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూనికోడ్‌ను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు. ఒక్కో పుస్తకానికి పేరు, రచయిత, చిన్న పరిచయం కలిపి 500 సంకేతాలు అనుకున్నా 1,500 బైట్లు. 9 వేల పుస్తకాలకు 13.5 మెగాబైట్లు. ఫోనులో తీసిన నాలుగైదు ఫోటోలంత. దీనికోసం జావా మీద నడిచే, మెమరీ దండిగా అడిగే వ్యవస్థను తెచ్చి, దాని హీప్, అంటే జావా తనకోసం తీసుకునే మెమరీ, మొత్తం మెమరీలో సగం దాటకుండా చూసుకుంటూ కూర్చోవడం అనవసరపు శ్రమ.

మెయిలీసెర్చ్‌ను రస్ట్‌లో, టైప్‌సెన్స్‌ను సీ ప్లస్ ప్లస్‌లో రాశారు, రెండూ ప్రోగ్రామింగ్ భాషలే. రెండూ ఒక్క ఫైలుగా వచ్చి చిన్న సర్వరులో ఒదుగుతాయి. టైప్‌సెన్స్ ఇండెక్స్ మొత్తాన్ని మెమరీలో ఉంచుతుంది, మీ 13 మెగాబైట్లకు అదేమీ భారం కాదు. అక్షరం అక్షరానికీ ఫలితాలు చూపడం, పర్యాయపదాలు, ధర ప్రకారం, వర్గం ప్రకారం వడపోత, ఇవన్నీ వాటిలో మొదటి నుంచే ఉన్నాయి. మాట మొదటి భాగం టైపు చేసినా వెతుకుతాయి. విభక్తులు మాట చివర చేరే మన భాషకు ఇది బాగా కలిసొస్తుంది. ‘హైదరాబాద్’ అని కొడితే ‘హైదరాబాద్‌లో’ దొరుకుతుంది. ఇల్లు, ఇంట్లో లాంటి మూలమే మారే మాటలు మాత్రం పర్యాయపదాల పట్టికలో చేర్చాల్సిందే. పుస్తకాల పేర్లలో అలాంటివి వేల సంఖ్యలో ఉండవు, భయపడకండి.

ఒక్క విషయంలో మాత్రం ఇవి పెట్టినది పెట్టినట్టు వదిలేస్తే తెలుగులో తమాషా చేస్తాయి. టైపింగ్ తప్పులను సరిదిద్దే గుణం వీటికి పుట్టుకతో ఉంది. మెయిలీసెర్చ్‌లో మామూలుగా 5 లేదా అంతకు మించి సంకేతాలున్న మాటకు ఒక తప్పును మన్నిస్తారు. ఇంగ్లిషుకు ఇది సరైన కొలత. తెలుగులో గుణింతం కూడా ఒక సంకేతమే కాబట్టి ‘మాటలు’ అన్న మూడక్షరాల పదానికే 5 సంకేతాలు వచ్చేస్తాయి. దాంతో మాటలు అని వెతికితే మూటలు, మేటలు కూడా లోపలికి వస్తాయి. అచ్చంగా సరిపోయినవి ముందు వస్తాయి కాబట్టి పెద్ద నష్టం లేదు గానీ, సరిపోయినవి ఏమీ లేనప్పుడు ఆ మూటలే మొదట కూర్చుంటాయి. ఆ పరిమితిని మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లో ఉంది. తెలుగుకు 7 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) గడికి ఈ మన్నింపు పూర్తిగా తీసేయించండి. 13 అంకెల్లో ఒకటి తేడా వచ్చినా అది ఆ పుస్తకం సంఖ్య కాదు.

మరి ఏజెన్సీ వారు చెబుతున్న అద్దె సేవ సంగతి? దాన్ని తీసిపారేయను. ఆల్గోలియా లాంటివి ఏళ్ల తరబడి మెరుగుపెట్టినవి. ఏ మాటకు ఫలితం రాలేదో చూపే నివేదికలు, దుకాణదారే స్వయంగా ఒక పుస్తకాన్ని పైకి తెచ్చుకునే తెర, అంతరాయం లేని సేవ, వీటికి విలువ ఉంది. పది మంది ఉద్యోగులు ఆన్‌లైన్ అమ్మకాల మీదే పనిచేసే కంపెనీకి అది సరైన ఖర్చు. మీకు మాత్రం బిల్లు ఎలా పెరుగుతుందో ముందే తెలియాలి. ఇలాంటి సేవలు ఇండెక్స్‌లోని వరుసలకూ, వచ్చే అభ్యర్థనలకూ లెక్క కట్టి వసూలు చేస్తాయి. టైపు చేస్తుండగానే ఫలితాలు చూపేలా పెడితే ప్రతి మీటకూ ఒక అభ్యర్థన వెళ్తుంది. ‘స్వప్నం’ రెండక్షరాల మాట. కానీ సంకేతాలు 7. సంకేతానికో మీట ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కొడితే ఏడు మీటలు, ఏడు అభ్యర్థనలు. మీట నొక్కాక సెకనులో మూడో వంతు ఆగి అప్పుడు అడిగేలా రాయిస్తే ఇది బాగా తగ్గుతుంది. సైటును తిరగేసే బాట్లు, అంటే మనుషులు కాని ప్రోగ్రాములు, సెర్చ్ పేజీని కూడా తడుముతాయి కాబట్టి, ఎక్కడికి రావద్దో వాటికి చెప్పే రోబోట్స్ ఫైలులో ఆ చిరునామాను మూయించండి. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరిగే రోజుల్లో మీ సైటుకు రద్దీ పెరుగుతుంది కదా, ఆ నెల అంచనాను ఏజెన్సీ వారిచేత విడిగా రాయించుకోండి.

చెల్లింపు దగ్గర మరో రెండు మెలికలు. విదేశీ సేవకు కార్డుతో నెలనెలా దానంతట అదే చెల్లింపు జరగాలంటే రిజర్వు బ్యాంకు ఇ-మాండేట్ నిబంధనలు వర్తిస్తాయి. సాధారణంగా 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ సందేశం వెళ్లే ఫోను ఎవరి దగ్గర ఉందో చూసుకోండి. చెల్లింపు తప్పితే సెర్చ్ ఆగుతుంది. రెండోది జీఎస్టీ. విదేశాల నుంచి కొన్న సేవ మీద రివర్స్ చార్జ్ పద్ధతిలో, అంటే అమ్మినవారి బదులు కొన్న మీరే, 18 శాతం కట్టాల్సి వస్తుంది. ఇతర వ్యాపారులు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకుంటారు. ముద్రిత పుస్తకాల మీద జీఎస్టీ లేదు కనుక మీకు ఆ సర్దుబాటు దొరక్కపోవచ్చు. అంటే కొటేషన్‌లో కనిపించే సొమ్ముకు దాదాపు ఐదో వంతు అదనం. మీ ఆడిటర్‌ను ఒక మాట అడిగి తేల్చుకోండి. నేను చెప్పిన క్లౌడ్ అద్దెకూ ఇవే వర్తిస్తాయి, కాకపోతే 9 వేల వరుసల ఇండెక్స్‌కు కావలసింది అతి చిన్న సర్వరు, అద్దె కూడా సర్వరు పరిమాణాన్ని బట్టి తీసుకునే పథకం ఎంచుకోండి.

‘అద్దె ఎందుకు, మా సర్వరులోనే ఉచితంగా పెడతాను’ అని మీ మేనల్లుడు అంటాడు. అనగలడు కూడా, రెండింటికీ లైసెన్సు అడ్డురాదు. మెయిలీసెర్చ్ సాధారణ ప్రతి ఎంఐటీ లైసెన్సు మీద వస్తుంది. టైప్‌సెన్స్‌ది జీపీఎల్-3, మీ సర్వరులో మీరు నడుపుకున్నంత కాలం మీ సైటు కోడ్ ఎవరికీ చూపించక్కరలేదు. నా సందేహం లైసెన్సు గురించి కాదు, మనిషి గురించి. ఆదివారం రాత్రి సర్వరు డిస్కు నిండి సెర్చ్ ఆగిపోతే ఎవరు లేస్తారు? అబ్బాయికి రేపు బెంగుళూరులో ఉద్యోగం వస్తే ఆ సర్వరు పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఇండెక్స్‌ను ఎవరు మారుస్తారు? వీటికి జీతం తీసుకునే మనిషి పేరు ఒకటి చెప్పగలిగితే సొంత సర్వరే పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. హైదరాబాదులో, ముంబైలో క్లౌడ్ కేంద్రాలున్నాయి, అమెజాన్ వారు 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రం తెరిచారు. సర్వరు దగ్గరగా ఉంటే అక్షరం అక్షరానికీ ఫలితం చూపే సెర్చ్‌లో ఆ వేగం తెలుస్తుంది. అద్దెకు తీసుకున్నా సర్వరు భారతదేశంలోనే పెట్టమని అడగండి. అమెరికాలో ఉన్నదానికి ప్రతి మీటా సముద్రాలు దాటి వెళ్లి రావాలి.

సొంతంగా పెడితే భద్రత విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఎలాస్టిక్‌సెర్చ్ సర్వర్లలో డేటా చెరిపేసి, డబ్బు ఇస్తే తిరిగి ఇస్తామని దుండగులు సందేశాలు పెట్టారు. అప్పట్లో దాని భద్రతా భాగం ఉచిత ప్రతిలో రాలేదు. 2022లో వచ్చిన 8.0 నుంచి మొదటే తాళం వేసి వస్తోంది. ఏ ఇంజనుకైనా నియమం ఒకటే. ఇంజనును వాడుకోవడానికి పాస్‌వర్డ్‌లా పనిచేసే సంకేతాన్ని కీ అంటారు, అన్ని అధికారాలున్న కీ సర్వరు దాటి బయటికి రాకూడదు. సైటు పేజీలో పెట్టేది వెతకడానికి మాత్రమే అనుమతి ఉన్న కీ. సెర్చ్ ఇండెక్స్‌లో కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు అసలే ఉండకూడదు. పుస్తకాల వివరాలకు అక్కడ వాటితో పనేముంది?

ఓపెన్ సోర్స్ ఇంజనునే అద్దెకు తీసుకోమని ఎందుకంటున్నానో చెప్పాలి. గూగుల్ వారు డబ్బు తీసుకుని సైట్లకు ఇచ్చిన సెర్చ్ సేవ ఒకటి ఉండేది, 2018 ఏప్రిల్ 1న మూసేశారు. వాడుతున్నవారికి ప్రకటనలతో వచ్చే ఉచిత రూపం మిగిలింది, లేదా వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఓపెన్ సోర్స్‌లోనూ మాట మారుతుంది. 2021 జనవరిలో ఎలాస్టిక్ సంస్థ అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. అయితే అప్పటికి వచ్చిన 7.10 కోడ్ పాత లైసెన్సు కిందే ఉంది కదా, దాన్ని తీసుకుని అమెజాన్ వారు ఓపెన్‌సెర్చ్‌గా నడిపించారు. అది 2024లో లైనక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్లింది. అదే ఏడాది ఎలాస్టిక్ కూడా ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సును ఒక ఎంపికగా చేర్చింది. గూగుల్ మూసినప్పుడు వాడుకరి చేతిలో ఏమీ లేదు. ఎలాస్టిక్ మారినప్పుడు కోడ్ ఉంది, నడిపించేవారు ముందుకొచ్చారు. క్లౌడ్ అద్దె నచ్చకపోయినా, ధర పెంచినా, అదే ఇంజనును మీ సర్వరులోకి దించుకుని అవే సెట్టింగ్స్‌తో నడుపుకోవచ్చు. పేజీలో చిరునామా, కీ మారిస్తే చాలు.

ఈ మధ్య ప్రతి అమ్మకందారూ అర్థాన్ని బట్టి వెతికే సెర్చ్ అని కృత్రిమ మేధ పేరు చెప్పి చూపిస్తున్నాడు. పుస్తకం పేరు, రచయిత పేరు తెలిసి వచ్చే కొనుగోలుదారులకు దాని అవసరం చాలా తక్కువ. ఇప్పటికి దాని జోలికి వెళ్లకండి. అలాగే ‘మా సేవలో తెలుగు ఉంది’ అంటే ఆ మాటతోనే సంతృప్తి పడకండి. మాటలను విడదీయడానికా, బహువచనాలకా, వర్ణక్రమ భేదాలకా, దేనికి ఉందో అడగండి.

నా మాట నమ్మనవసరం లేకుండా మీరే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. సైటులో గత మూడు నెలలుగా జనం ఏమేమి వెతికారో ఏజెన్సీ వారి దగ్గర జాబితా తీసుకోండి. లేకపోతే కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి వారం రోజులు అడిగినవి అడిగినట్టు రాయించండి. అందులోంచి వంద ఏరండి. తప్పు వర్ణక్రమంతో ఉన్నవి, ఇంగ్లిషు లిపిలో ఉన్నవి, రచయిత ఇంటిపేరు ఒక్కటే చెప్పినవి తప్పక ఉండాలి. మీ దగ్గర లేని పుస్తకాలు కూడా కొన్ని ఉంచండి, లేనిదానికి యంత్రం ఏమి చూపిస్తుందో అదీ చూడాలి. శుభ్రం చేసిన పట్టికను రెండు మూడు సేవల్లో ప్రయోగాత్మకంగా ఎక్కించి, సరైన పుస్తకం మొదటి ఐదింటిలో వచ్చిందా లేదా అని ఒక్కో ప్రశ్నకు టిక్కు పెట్టండి. ఈ టిక్కులు పెట్టేది డెవలపర్ కాకూడదు. మీ దుకాణంలో పుస్తకం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే పాత మనిషి ఒకరుంటారు కదా, ఆయన పెట్టాలి. డబ్బు కట్టే సేవ పది మార్కులకు పైగా తేడాతో గెలిస్తే నేను చెప్పినదంతా పక్కన పెట్టి దాన్నే తీసుకోండి.

ఏ దారి పట్టినా ఖాతా మాత్రం మీ దుకాణం ఈమెయిలుతో, మీ కార్డుతో తెరిపించండి. ఏజెన్సీ వారికి అందులో పనిచేసే అనుమతి ఇస్తే సరిపోతుంది. పుస్తకాల పట్టిక, పర్యాయపదాల ఫైలు, ఇంజను సెట్టింగ్స్ మూడింటి ప్రతులనూ ప్రతి నెలా మీకు పంపాలని ఒప్పందంలో రాయించి, మొదటి నెల ప్రతి చేతికొచ్చాకే చివరి విడత సొమ్ము ఇవ్వండి.